నిల్వ కొరకా, ఆర్డరు కొరకా?

మన్యపు సహకార సంఘముల కార్యవర్గ సమావేశములలో తరచుగా వినవచ్చు వాదమొకటి కలదు. సరకును ముందుగా తయారుచేసి గిడ్డంగిలో నుంచుకొని కొనువాని రాకకై వేచియుండవలయునా? లేక కొనువాడు వచ్చి, ఇంత తూకము, ఈ రకము, ఈ తేదీకి అని కోరిన పిమ్మటనే తయారీకి పూనుకొనవలయునా? మొదటి పక్షమువారు సరకు చేత లేనివానికి బేరమెక్కడిదని యడుగుదురు. రెండవ పక్షమువారు అమ్ముడుపోని సరకు వడ్డీ పెరుగు అప్పువంటిదని చెప్పుదురు. ఇరుపక్షముల మాటలయందును నిజము లేకపోలేదు. ఐనను ఈ వాదము నడచుచున్న తీరు సరియైనది కాదని మేము తలంచుచున్నాము. ఏలయన, ఇరువురును సంఘమునకంతటికిని ఒక్కటే జవాబు కోరుచున్నారు. జవాబు సరకు సరకునకు వేరు. ఒక్క సరకునందే పనియొక్క మెట్టు మెట్టునకు వేరు. పంటను రైతువద్ద ఎప్పుడు కొనవలయును, దానిని ఏ మెట్టువరకు తెచ్చి నిలుపవలయును, ఆపైని పనిని ఎవరి కోరికపై చేయవలయును అను మూడు ప్రశ్నలను వేరువేరుగా అడుగుకొననంతకాలము ఈ వాదము తెగదు. నష్టము మాత్రము సభ్యుల తలపై పడుచునే యుండును.

ప్రశ్న పాతదే యైనను నేడు తొందరపెట్టుటకు కారణము కలదు. దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి మార్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన ఆమోదించెను. పరపతి లెక్కలతో మొదలైన మార్పు కొనుగోలు, గిడ్డంగి, తయారీ లెక్కలకును ప్రాకక మానదు. తయారీ పని చేయు సంఘమునకు పనికివచ్చు వ్యాపారపు సాఫ్టువేరులో ప్రతి సరకునకును ఒక పుట యుండును. ఆ పుటలో నింపవలసిన గడులలో నొకటి ఈ ప్రశ్ననే యడుగును: ఈ సరకు నిల్వకై తయారగునదా, ఆర్డరునుబట్టి తయారగునదా? గుమాస్తా మొదటి సరకునకు ఏ జవాబు పెట్టెనో తక్కినవాని కన్నింటికిని అదియే పెట్టి పోయినచో, ఆనాటినుండి యంత్రము ఆ జవాబు ప్రకారమే ఎంత కొనవలయునో, ఎప్పుడు ఆడింపవలయునో చెప్పుచుండును. యంత్రమునకు విచక్షణ లేదు. మనము చెప్పినదానినే మనకు తిరిగి చెప్పును. కావున ఆ గడిలో ఏమి వ్రాయవలయునో గుమాస్తా గాక సభ్యులు నిర్ణయింపవలసియున్నది.

రెండు పద్ధతులు, వాని నడుమ మూడవది

నిల్వకై తయారుచేయు పద్ధతిలో పనికి ఆధారము అంచనా. గత సంవత్సరపు అమ్మకములు, రాబోవు పండుగలు, పెండ్లి ముహూర్తములు చూచి, ఇంత అమ్ముడుపోవునని లెక్కకట్టి ముందుగా తయారుచేయుదురు. కొనువాడు వచ్చినంతనే సరకు అతని చేతికందును. అంచనా తప్పెనా, నష్టము తయారుచేసినవానిది. ఆర్డరునుబట్టి తయారుచేయు పద్ధతిలో పనికి ఆధారము కోరిక. వ్రాతపూర్వకమైన కోరిక చేతికి వచ్చినగాని పొయ్యి వెలుగదు, మర తిరుగదు. సరకు మిగిలిపోదు, కాని కొనువాడు వేచియుండవలయును. వేచియుండలేనివాడు వేరొక అంగడికి పోవును.

జర్మనీ దేశమున 1972లో స్థాపితమైన ఎస్.ఏ.పి. యను సంస్థవారి సాఫ్టువేరు పెద్ద కర్మాగారములలో విరివిగా వాడుకలో నున్నది. అందు ఈ పద్ధతులకు అంకెలు కలవు. 10 అను అంకె నిల్వ పద్ధతికి, 20 అను అంకె ఆర్డరు పద్ధతికి గుర్తులు. 20 గుర్తుగల సరకు తయారైన పిమ్మట ఆ ఆర్డరు పేరనే గిడ్డంగిలో జమయగును. వేరొకరికి ఈయదలచినచో ముందుగా ఆ బంధమును తప్పింపవలయును. ఈ రెండును గాక 50 అను అంకె యొకటి కలదు. దాని భావమేమన, విడిభాగములను అంచనానుబట్టి ముందుగా సమకూర్చుకొనుము, కడపటి కూర్పును మాత్రము ఆర్డరు వచ్చువరకు ఆపుము అని. మన సంఘములకు ఎక్కువగా పనికివచ్చునది ఈ మూడవ త్రోవయే. కొనుగోలు నిల్వకై జరుగవలయును; కడపటి పని ఆర్డరుపై జరుగవలయును. ఈ రెండును కలియు చోటిని మేమిచట "నిలుపు మెట్టు" అని పిలుచుచున్నాము. ప్రతి సరకునకును నిలుపు మెట్టు ఏదో కనుగొనుటయే అసలు పని.

ఇది మన ప్రాంతమునకు క్రొత్త విద్య కాదు. పార్వతీపురమునకు సమీపముననే యున్న బొబ్బిలివైపు గొల్లపల్లిలో వీణలు చేయు పనివారలను చూడుడు. కచేరీలో వాయించు పెద్ద వీణ ఒక్క పనస మొద్దునుండి తొలువబడును; అది విద్వాంసుని కోరికపై తయారుకాదగిన వస్తువు. ఐనను కోరిక వచ్చిన దినమున పచ్చి చెట్టును కొట్టి వీణ చేయ వీలులేదు. కొయ్యను ముందుగా సేకరించి ఆరనిచ్చి యుండవలయును. అనగా కొయ్య నిల్వ, వీణ ఆర్డరు. సన్మానములలో బహుమతిగా నిచ్చు చిన్న వీణల సంగతి వేరు. అవి యన్నియు నొక్కతీరువే, ఎవరైన కొనదగినవే. గనుక కొన్నింటిని ముందుగా చేసియుంచినను నష్టభయము తక్కువ. ఒకే యూరిలో, ఒకే కొయ్యతో, ఒకే చేతులతో చేయు రెండు వస్తువులకు రెండు పద్ధతులు తగియున్నవన్నమాట.

ఐగుప్తు దేశమున యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరముల పంటలో అయిదవ భాగమును పట్టణములలోని కొట్లలో చేర్పించి, ఏడు కరవు సంవత్సరములు దేశమును గడపిన వృత్తాంతము చాలమంది వినియున్నదే. అతడు చేర్పించినది ధాన్యము గాని రొట్టె కాదు. ఏ రూపము నిల్వకు తగినదో, ఏ రూపము ఆ దినపు కోరికకు తగినదో వేరుపరచుటయే ఈ విద్యయొక్క సారము.

మన సరకులు, వాని నిలుపు మెట్లు

చోళ్ళను మొదట చూతము. గింజను చక్కగా ఆరబెట్టి, తేమ తగులకుండ ఉంచినచో సంవత్సరములు నిలుచును. అందుచేతనే మన పెద్దలు కరవుకాలమునకై గాదెలలో చోళ్ళు నింపుకొనెడివారు. పిండి యట్లు కాదు. గింజ నలిగినంతనే అందలి నూనెకు గాలి తగులును. కొలది నెలలలో వాసన మారును. సామలును పొట్టుతో నున్నంతకాలము నిలుచును. పొట్టుతీసిన బియ్యము తవుడులోని నూనెవలన త్వరలో ముక్కవాసన పట్టును. కావున చోళ్ళకును సామలకును నిలుపు మెట్టు గింజయే. మేమెరిగిన యొక సంఘమువారు పట్టణమున చిరుధాన్యముల గిరాకి పెరిగెనని విని, ఆ యేటి చోళ్ళనన్నింటిని ఒక్కసారిగా పిండి పట్టించి, పేరు అచ్చువేసిన సంచులలో నింపిరి. వానకాలము గడచునప్పటికి సగము సంచులు అంగళ్ళనుండి తిరిగివచ్చెను. తుదకు అవి పశువుల దాణాకు పోయెను. అదే సరకు గింజగా నుండినచో మొలకకట్టిన పిండికో, సాదా పిండికో, గింజగనే కొనువానికో పనికివచ్చియుండును. గింజకు త్రోవలు పెక్కు; పిండియైన పిమ్మట త్రోవ యొక్కటే.

పసుపు మరియొక పాఠము నేర్పును. త్రవ్విన పచ్చికొమ్మును నిలుపరాదు. కొలది దినములలోనే ఉడికించి యెండబెట్టవలయును. ఎండి మెరుగుపట్టిన కొమ్ము గిడ్డంగిలో చెడక చాలకాలము నిలుచును. పొడిచేసినచో రంగు, సువాసన క్రమముగా తగ్గును. కాబట్టి పచ్చికొమ్మునుండి ఎండుకొమ్మువరకు ఆర్డరుతో నిమిత్తము లేక ఆగకుండ పని నడువవలయును; ఎండుకొమ్మువద్ద నిలువవలయును; పొడి ఆర్డరుపై పట్టవలయును. ఆర్డరు రాలేదని పచ్చికొమ్మును గుట్టపోసి వేచియుండుట ఎంత తప్పో, ఆర్డరు రాకమునుపే కొమ్ములనన్నింటిని పొడిచేయుట అంత తప్పు.

చింతపండు వేసవిలో చేతికివచ్చును. పిక్కతీసిన క్రొత్త పండు మంచి రంగులో నుండును. సామాన్యపు గిడ్డంగిలో వానకాలము గడచునప్పటికి నల్లబడి మెత్తబడును. శీతల గిడ్డంగిలో నుంచినచో రంగు నిలుచును గాని అద్దె పడును. దీనిని నిలుపవచ్చును, ఎంతకాలమైనను నిలుపరాదు. వానలు పడకమునుపే, ఎంత అమ్మవలయును, ఎంత శీతల గిడ్డంగికి పంపవలయును అను నిర్ణయము కార్యవర్గమున జరిగి తీరవలయును. అరకిలో పొట్లములు కట్టుట మాత్రము ఆర్డరు వచ్చిన పిమ్మటి పని.

జీడిమామిడి సంగతి కొంత చిక్కైనది. మార్చి మొదలు మే వరకు దిగు గింజను బాగుగ ఎండబెట్టినచో మరుసటి పంటవరకు నిలుచును. గింజ బరువులో సుమారు నాలుగవ వంతు పప్పగును. పప్పు రకములలో 320 అనగా పౌనునకు 300 మొదలు 320 వరకు తూగు గుండుపప్పు. 240, 210, 180 అనునవి అంతకంతకు పెద్దవి. ఒక వర్తకుడు 240 రకమే కావలయునని ఆర్డరిచ్చెననుకొనుడు. మన గింజనుండి ఆ రకమొక్కటియే రాదు. 320 వచ్చును, బద్దలు వచ్చును, ముక్కలు వచ్చును. అనగా ఒక రకమునకు వచ్చిన ఆర్డరు తక్కిన రకములను మనము కోరకయే నిల్వగా మార్చును. కావున 240 రకమునకు ధర చెప్పునపుడు, మిగిలిన రకములను ఎవరు కొందురో ముందుగ చూచుకొనక సంతకము చేయరాదు. పలాసవైపు పప్పు వ్యాపారము చూచినవారికి ఈ సంగతి కొత్త కాదు.

మనకు నైరుతిదిశనున్న అరకు కొండలలోని కాఫీ ఇందులకు చక్కని ఉదాహరణము. పండిన కాయను కోసిన దినముననే తోలు తీయవలయును. తోలుతీసి, కడిగి, పైపొరతో నెండబెట్టిన గింజ నెలలకొలది నిలుచును. వేయించిన గింజ కొలది వారములలో సువాసన కోల్పోవును. 2017లో పారిసు నగరమున అరకు కాఫీ అంగడి తెరువబడెను. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించెను. దూరదేశపు కొనుగోలుదారు మెచ్చునది తాజాగా వేగిన గింజను. కాబట్టి నిలుపు మెట్టు పైపొరతో నెండిన గింజ, వేపుడు ఆర్డరుపై.

అడ్డాకు విస్తళ్ళకు గిరాకి పెండ్లిండ్లతో వచ్చి పెండ్లిండ్లతో పోవును. ముహూర్తములు పంచాంగములో ముందుగనే యున్నవి గనుక ఇచట అంచనా నమ్మదగినది. ఎండిన ఆకును కట్టలుగట్టి నిలుపుకొని, ముహూర్తములకు కొలది వారముల ముందు కుట్టు మొదలుపెట్టినచో ఆడువారికి కూలి దొరకును. కుట్టిన విస్తళ్ళు చెదలపాలు గాకుండును.

ఇక అనాస. సీతంపేట కొండలనుండి వానకాలమున ఒక్కమారుగా దిగు ఈ పండును నిలుపుటకు వీలేలేదు. పండిన పిమ్మట ఆర్డరుకొరకు వెదకువాడు సంతలో చెప్పిన ధరకు ఇచ్చి పోవలసినదే. దీనికి ఆర్డరు పొలముననే మొదలుకావలయును. తగిన వయసునకు వచ్చిన మొక్కల సుడిలో ఎథ్రెల్ మందు నీటిని పోసి పూత తెప్పించు పద్ధతి వ్యవసాయశాఖవారు చాలకాలముగ బోధించుచున్నదే. పూత వచ్చిన సుమారు అయిదు నెలలకు పండు చేతికి వచ్చును. తోటనంతను ఒక్కసారిగాక మళ్ళుగా విభజించి, నెలకొక మడికి పూత తెప్పించినచో, రసము తీయు కర్మాగారమునకు గాని పట్టణపు అంగడికి గాని ఏ నెలకు ఎన్ని టన్నులు ఈయగలమో ముందుగ చెప్పవచ్చును. గిడ్డంగిలో నిలుపలేని దానిని చెట్టుపైననే వరుసబెట్టుట యిది.

రైతు వేచియుండలేడు

ఇంతవరకు సరకు మాట. ఇక మనిషి మాట. ఆర్డరు పద్ధతిని పొగడువారు తరచుగా చేయు పొరపాటొకటి కలదు. "ఆర్డరు వచ్చినపుడే తయారుచేయుదము" అను మాట క్రమముగా "ఆర్డరు వచ్చినపుడే కొందము" అని మారును. ఈ రెండింటికిని కొండంత భేదమున్నది. సంఘము తయారీని ఆపినచో మర యూరక నిలుచును, అంతే. సంఘము కొనుగోలును ఆపినచో సవర, జాతాపు రైతుల ఇంట పొయ్యి నిలుచును. కురుపాము, గుమ్మలక్ష్మీపురము, కొమరాడ, సాలూరు కొండలలో పంట యేటికొకసారి దిగును. చేబదుళ్ళు, పిల్లల చదువులు, విత్తనములు, వైద్యము అన్నియు ఆ పంటతో తీరవలయును. ఆర్డరు ఆషాఢమున వచ్చునని చెప్పినచో రైతు చైత్రముననే వారపు సంతకు దింపి, మొదట చేయిచాచినవానికి తూచి పోవును. అటుపై ఆషాఢమున ఆర్డరు వచ్చినపుడు సంఘము ఆ సరకునే ఆ వర్తకునివద్ద హెచ్చు ధరకు కొనవలసివచ్చును. నిల్వభారము తప్పించుకొంటిమని సంఘము లెక్కలలో కనబడును గాని, ఆ భారము మాయము కాలేదు. మోయలేనివాని భుజముమీదికి జారెను.

గిరిజన సహకార సంస్థ 1956లో విశాఖపట్టణము కేంద్రముగా స్థాపింపబడినది ఈ దుస్థితిని తప్పించుటకే. కొండవాసి తెచ్చిన చింతపండును, కొండచీపుళ్ళను, తేనెను, బంకను వర్తకుని తూకమునకు వదలక నిలుకడ ధరకు కొనుట దాని ముఖ్యోద్దేశము. ఆ యుద్దేశమునకు ప్రాణము కొనుగోలు దినము. పంట దిగిన దినమున కొనువాడే రైతునకు తోడు. ఆర్డరు వచ్చిన దినమున కొనువాడు ఎంత మంచివాడైనను వర్తకుడే. కావున సంఘముల మొదటి సూత్రముగా మేము చెప్పునదేమన, రైతువద్ద కొనుగోలు ఎన్నడును ఆర్డరునకు ముడిపెట్టరాదు. తయారీయే ఆర్డరునకు ముడిపడవలయును.

వడ్డీ లెక్క

దీనికి ఆక్షేపణ వచ్చును. పంటకాలమున కొని నిలుపుటకు డబ్బెక్కడిది? అప్పు తెచ్చినచో వడ్డీ యెవరు కట్టుదురు? న్యాయమైన ప్రశ్న. లెక్కవేసి చూతము. సంఘము 100 క్వింటాళ్ళ ఎండు పసుపుకొమ్మును క్వింటాలు 8,000 రూపాయల చొప్పున కొనెననుకొనుడు. పెట్టుబడి 8,00,000. సాలుకు నూటికి పది చొప్పున ఆరు మాసముల వడ్డీ 40,000. అనగా క్వింటాలునకు 400. దీనికి గిడ్డంగి అద్దె, తరుగు చేర్చవలయును. ఈ మొత్తము తెలిసియున్న కార్యదర్శి, ఆర్డరు వచ్చినపుడు 8,400కు తక్కువ ధరకు ఒప్పుకొనడు. తెలియనివాడు 8,200కు అమ్మి లాభము వచ్చెనని సంతసించును.

ఇప్పుడు ఆ కొమ్మునంతను ముందుగనే పొడిచేయించి సంచులకెత్తిరనుకొనుడు. కూలి, మర, సంచి కలిసి క్వింటాలునకు 1,500 చొప్పున మరి 1,50,000 రూపాయలు గిడ్డంగిలో చిక్కుకొనును. దానిపై ఆరు మాసముల వడ్డీ 7,500 మాత్రమే. ఇది పెద్దది కాదు. పెద్ద నష్టము వేరుచోట నున్నది. నూరు క్వింటాళ్ళలో పాతిక క్వింటాళ్ళు అమ్ముడుపోక గడువు దాటినచో, 9,500 చొప్పున 2,37,500 రూపాయలు మట్టిపాలగును. అదే పాతిక క్వింటాళ్ళు కొమ్ముగా మిగిలినచో, వడ్డీ నడచును గాని సరకు సరకుగనే యుండును. ధరలు ఊరూర మారవచ్చును. లెక్క తీరు మారదు. నిల్వ భయపెట్టునది కాదు; తిరుగులేని రూపములో చేసిన నిల్వ భయపెట్టునది.

అప్పు దొరకు త్రోవలును కలవు. 2007 నాటి గిడ్డంగుల చట్టము ప్రకారము నమోదైన గిడ్డంగిలో సరకునుంచి తీసికొన్న రసీదు చేతులు మార్చుకొనదగిన పత్రము. దానిపై బ్యాంకులు అప్పిచ్చును. పొడిసంచికి గాక గింజకు, కొమ్మునకు ఇట్టి యప్పు సులువుగ పుట్టును. ఏలయన బ్యాంకువాడును నిలుచు సరకునే నమ్మును.

ఆర్డరు పద్ధతికి గురువులుగా లోకమున పేరొందిన జపానుదేశపు టయోటా కంపెనీవారి యనుభవమును ఇచట చెప్పుకొనదగును. కావలసినపుడు కావలసినంతయే తెప్పించుకొనుట వారి నియమము. 2011 మార్చి 11వ తేదీన వచ్చిన భూకంపమును, సముద్రపు ఉప్పెనయు విడిభాగములు చేయువారిని దెబ్బతీయగా వారి కర్మాగారములు ఆగిపోయెను. పిమ్మట వారు త్వరగా దొరకని కొన్ని భాగములను నెలలకొలది నిల్వయుంచునట్లు సరఫరాదారులతో ఏర్పాటు చేసికొనిరి. 2021లో కంప్యూటరు చిప్పులకు లోకమంతట కరవు వచ్చినపుడు ఆ నిల్వ వారికి కొంతకాలము అక్కరకు వచ్చెను. దొరకుటకు ఎక్కువకాలము పట్టుదానిని నిలుపుకొనుము, త్వరగా చేయగలదానిని ఆపుము అను నీతి వారును నేర్చుకొనవలసివచ్చెను. మనకు దొరకుటకు ఎక్కువకాలము పట్టునది పంట. ఒకసారి చేయిజారినచో సంవత్సరము ఆగవలయును. త్వరగా చేయగలది పిండి, పొడి, పొట్లము.

ఆర్డరన నేమి?

ఆర్డరుపై తయారీ అనునపుడు ఆర్డరన నేమో తేటపరచుకొనవలయును. "పంపుడు, చూతము" అను టెలిఫోను మాట ఆర్డరు కాదు. రకము, తూకము, తేమ హద్దు, ధర, తేదీ, సరకు ఎవరి ఖర్చుపై చేరును, తిరస్కరించినచో ఏమి జరుగును అను సంగతులు వ్రాతలో నుండవలయును. కొనుగోలుదారు పేరు అచ్చువేసిన సంచి మరియొకరికి పనికిరాదు; గనుక అట్టి సంచులకు కూలికి, సంచి ధరకు సరిపోవు బయానా ముందుగ తీసికొననిది అచ్చు వేయింపరాదు. సాదా సంచి వాడి, పేరు చీటిని కడపట అంటించుట ఇంకను మేలు; ఒకరు కాదన్నను మరియొకరి చీటి అంటింపవచ్చును. సంచిని గూర్చిన ఈ చిన్న జాగ్రత్తయు నిలుపు మెట్టునకు సంబంధించినదే.

కొద్దిపాటి తయారు నిల్వ లేకయు జరుగదు. సంఘపు అంగడికి వచ్చి కిలో చోడిపిండి అడిగిన యిల్లాలు ఆరు దినములు ఆగదు. దీనికి సులువైన లెక్క కలదు. దినమునకు సుమారు 10 కిలోలు అమ్ముడగుచు, గింజ శుభ్రము, మర, సంచికట్టు కలిసి 6 దినములు పట్టునెడల, 60 కిలోలు తప్పనిసరి. ఎక్కువ అమ్మిన దినములకును, కరెంటు పోయిన దినములకును 20 కిలోలు చేర్చుడు. అంగడిలో పిండి 80 కిలోలకు దిగినంతనే మరకు గింజ పంపవలయును. ఒక్కమారు ఆడించునది నెల అమ్మకమునకు, అనగా 300 కిలోలకు మించరాదు. సాఫ్టువేరులో ఈ 80ని వ్రాయుటకు గడి యుండును. వ్రాసినచో యంత్రమే జ్ఞాపకము చేయును. ఏడాదికొకసారి ఈ అంకెను అమ్మకపు పుస్తకముతో పోల్చి సరిచేయకున్నచో, నిరుటి లెక్కకు ఈ యేటి గింజను ఆడించినట్లగును.

సభ్యులకు మనవి

రాబోవు మహాజనసభలో సభ్యులు తమ సంఘమును ఒక్క కాగితము కోరవలయునని మా మనవి. సంఘము చేయు ప్రతి సరకునకును ఎదురుగ మూడు గడులుండవలయును: రైతువద్ద కొను కాలము, నిలుపు మెట్టు, అంగడికై ఉంచుకొను కొద్దిపాటి తయారు నిల్వ. మొదటి గడిలో పంట దిగు మాసము గాక "ఆర్డరు వచ్చినపుడు" అని కనబడినచో లేచి ప్రశ్నింపుడు. రెండవ గడిలో పిండి, పొడి, వేపుడు అని కనబడినచో ఎన్ని దినములు నిలుచునో అడుగుడు. మూడవ గడిలో అంకె లేనిచో వ్రాయించుడు. అనాసవంటి నిలువని పంటలకు రెండవ గడి ఖాళీగానే యుండును. దాని యెదుట ఎవరితో, ఏ నెలకు ఒప్పందమున్నదో వ్రాయవలయును. ఆ కాగితమును సభ్యులు ఒప్పుకొన్న పిమ్మటనే గుమాస్తా కంప్యూటరులో గడులు నింపవలయును.

ఇది పెద్ద చదువు కావలసిన పని కాదు. విత్తనపు గింజను వేరుగ, తిండి గింజను వేరుగ కట్టి, దంపుటకు ఆ పూటకు కావలసినంతనే తీయు ప్రతి గిరిజన గృహిణియు ఈ లెక్కను ఎరిగియే యున్నది. ఆమె యింటిలో నడుచు క్రమము సంఘపు గిడ్డంగిలోను నడచినచో, కొనువాడు ఆగడు, సరకు చెడదు, రైతు సంతదారి పట్టడు.